పెద్దకోడలి చెయ్యి

దూడల గది తలుపు దగ్గర చిన్నకోడలు ఆగిపోయింది. లోపలికి వెళ్లే ముందు చెవి ఒగ్గి వినడం ఈమధ్య ఆమెకు అలవాటైంది. పొద్దున్నే పాలసీసాల చప్పుడు వినపడగానే లోపలి దూడలు గెంతులేసి, తలుపుకి ముట్టెలు రాసి, నానా అల్లరీ చెయ్యాలి. ఇవాళ ఒక్క దూడే తలుపు దాకా వచ్చింది. రెండోది రాలేదు.

గడియ తీసింది.

తెల్లమచ్చ దూడ గోడ మూలకి ఒదిగి పడుకుని ఉంది. మెడ ఒక పక్కకి వాల్చేసింది. తోకా వెనక కాళ్లూ పల్చటి పసుప్పచ్చ పారుడుతో తడిసి అట్టకట్టుకుపోయాయి. చిన్నకోడలు మోకాళ్ల మీద కూలబడి దాని చెవి పట్టుకుంది. చల్లగా తగిలింది. నోట్లో వేలు పెట్టింది. నోరూ చల్లగానే ఉంది. నిన్న సాయంత్రం ఇదే వేలిని ఈ దూడ చీకింది. ఓపిక లేకపోయినా చీకింది. సీసా రబ్బరు పీకని దాని దవడల మధ్య దూర్చి నొక్కింది. పాలు పెదవి పక్కనుంచి కారి గచ్చు మీద పడ్డాయి.

"తాగవే. ఒక్క గుక్క తాగు, నా తల్లివి కదూ," అని బతిమాలింది.

దూడ కాళ్లు ఒకసారి నిలువునా చాపింది. అంతే.

ఆమెకు ఏడుపు రాలేదు. ముందు భయం వచ్చింది. దూడ పోయినందుకు కాదు, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని. ఈ గదిలో పని మొన్నమొన్నటి దాకా తోటికోడలిది. ఆమె చేతిలో వరసగా దూడలు పోయాయని, ఆమెని వంటింట్లోకి పంపి పని చిన్నకోడలికి అప్పగించారు. ఇప్పుడు ఈ చేతుల్లోనూ పోయింది. ఆ చేతుల్ని ఒళ్లో దాచుకుని అలాగే కూర్చుంది.

"పోయిందా అమ్మా?"

మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన గొంతు ఎప్పుడూ హెచ్చదు. పాలు పితికేటప్పుడు ఆవుతో మాట్లాడినట్టే మనుషులతోనూ మాట్లాడతారు. ఆయన కోప్పడగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. కోప్పడితేనే బాగుండునని చిన్నకోడలికి ఆ క్షణాన అనిపించింది.

"పోయింది మామయ్యగారూ."

ఆయన వచ్చి దూడ పక్కన గొంతుక్కూర్చున్నారు. దాని కళ్లు మూశారు. నుదుటి మీది తెల్లమచ్చని బొటనవేలితో నిమిరారు.

"నీ తప్పేం లేదు. నువ్వు చూసుకుంటూనే ఉన్నావు, నేను గమనిస్తున్నాగా," అన్నారు. తర్వాత, తలెత్తకుండానే అడిగారు. "పెద్దమ్మాయి నిన్న ఇటుగానీ వచ్చిందా?"

వచ్చింది. సాయంత్రం వేణ్ణీళ్ల బకెట్ తెచ్చి గడప అవతలే పెట్టింది. లోపలికి అడుగు పెట్టలేదు. తొంగిచూసి, "అయ్యో, దీని కళ్లు కూడా లోపలికి పోయాయే" అంది. అప్పటికే దూడ లేవడం మానేసింది. అదంతా చెప్పొచ్చు. చెప్పడానికి రెండు మాటలు చాలు.

"వచ్చింది," అంది చిన్నకోడలు. మిగతాది నోట్లోంచి రాలేదు.

మామగారు తల ఊపి లేచారు.

*

వంటింటి వెనక ఎండలో పెద్దకోడలు పిచ్చుకకి తల దువ్వుతోంది. పిచ్చుకంటే చిన్నకోడలి కూతురు. కాసిని మెతుకులు తిని రోజంతా కిచకిచలాడుతుంది గనక ఆ పేరు. ఇవాళ మాత్రం నోరు మెదపకుండా పెద్దమ్మ కాళ్ల మధ్య మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఏమైందే నీకు, బడికెళ్లే పిల్లలా ఇంత బుద్ధిగా కూర్చున్నావు?" అంటోంది పెద్దకోడలు.

"కడుపులో గుర్రుమంటోంది పెద్దమ్మా."

ఆ మాటంటూనే పిల్ల లేచి రెండడుగులు వేసింది. గౌను తడిసిపోయింది. గోడ పట్టుకుని అక్కడే నిలబడి ఏడుపు మొదలుపెట్టింది. కాళ్ల వెంట కారుతున్నది పల్చగా, పసుప్పచ్చగా ఉంది.

గిన్నెలు కడుగుతున్న చిన్నకోడలు అది చూసింది. ఒక్క పరుగున వచ్చింది. పెద్దకోడలు దువ్వెన పడేసి పిల్లని అందుకోబోతుంటే, ఆమె చేతిని పక్కకి తోసేసి కూతుర్ని చంకనేసుకుంది.

"వద్దు. నువ్వు ముట్టుకోకు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని చిన్నకోడలికి ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు. పెద్దకోడలు రెండు చేతులూ పైకెత్తి అలాగే ఉంచేసింది, పొయ్యి మీది గిన్నె పొరపాటున ముట్టుకున్నదానిలా. మొహంలో కోపం లేదు. ఆ చేతుల్ని వెనక్కి పెట్టుకుని, గోడకి చేరబడి, ఇద్దరికీ దారి వదిలింది.

మధ్యాహ్నానికి పిల్ల తోటకూర కాడలా వడిలిపోయింది. చిన్నకోడలి భర్త వాళ్లిద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చాడు. పొట్లాలు ఇచ్చారు, నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండమన్నారు, పరీక్షకి పంపిస్తామన్నారు. తగ్గుతుందని చెప్పారు కూడా. చిన్నకోడలికి ఆ చివరి మాట ఒక్కటే చెవిన పడలేదు. పిల్ల నోట్లో చెంచా పెట్టిన ప్రతిసారీ, పొద్దున దూడ పెదవి పక్కనుంచి పాలు కారిపోవడమే కళ్లముందు ఆడింది. పిల్ల చెవులు పట్టుకుని చూసింది. వెచ్చగానే ఉన్నాయి. మళ్లీ చూసింది.

"పిల్ల చెవులు ఊడొస్తాయి, వదులు," అన్నాడు భర్త. నవ్వించబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం మామగారు పెద్దకోడల్ని పిలిచి, అదే మెత్తటి గొంతుతో, "కొన్నాళ్లు మీ వాళ్ల దగ్గర ఉండి రా అమ్మా. నీకూ కాస్త మార్పుగా ఉంటుంది," అన్నారు. పెద్దకొడుకు పాల వ్యాను తోలతాడు. మర్నాడు సాయంత్రం ఖాళీ క్యాన్లు తెచ్చేటప్పుడు ఆమెని ఎక్కించుకుని దింపి వస్తాడని ఏర్పాటు. పెద్దకొడుకు వ్యాను టైరుని బూటుతో తన్నుతూ నిలబడ్డాడు గానీ కాదనలేదు.

"అలాగే మామయ్యగారూ," అంది పెద్దకోడలు.

గదిలో పిల్ల పక్కన పడుకున్న చిన్నకోడలికి ఆ మాటలన్నీ వినిపించాయి. లేచి వెళ్లి, "అది కాదు మామయ్యగారూ" అనాలనుకుంది. లేవలేదు.

*

మర్నాడు పొద్దున్నే పశువుల డాక్టరమ్మ స్కూటరు దిగింది. దూడ బతికుండగా పట్టుకెళ్లిన పేడ పరీక్ష ఫలితం చెప్పడానికి వచ్చింది. దూడల గదిలోకి వెళ్లే ముందు బూట్లకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుంది. బయటికి వచ్చాక వాటిని విప్పి, తిరగేసి, మూట కట్టింది. అంత జాగ్రత్త చూసి చిన్నకోడలు తన కాళ్ల వైపు చూసుకుంది.

"కంటికి కనపడని పురుగు అండీ," అంది డాక్టరమ్మ మామగారితో. "పేగు లోపలి పొరలో చేరుతుంది. ఆ పొర పాడైతే తాగింది తాగినట్టు బయటికి పోతుంది. జబ్బు దూడ పేడలో ఇవి లక్షలకొద్దీ ఉంటాయి. రెండో దూడకి అంటుకోవడానికి ఒక చుక్క చాలు. సీసా పీక, బకెట్ అంచు, మన చెయ్యి, ఏదైనా సరే."

"రోజూ ఫినాయిలు పోస్తున్నాం కదమ్మా."

"దానికి చావదు. సలసల మరిగే నీళ్లు పొయ్యాలి, తర్వాత బాగా ఆరనివ్వాలి. తడి ఉన్నన్నాళ్లూ అవి బతుకుతాయి. కొత్తగా పుట్టే దూడని అసలు ఆ గదిలో పెట్టకండి." ఆగి, "ముర్రుపాలు ఎప్పుడు పడుతున్నారు?" అని అడిగింది.

"మాయ పడ్డాక."

"ఈనాక ఆవు మాయ వెయ్యడానికి ఒక్కోసారి పూట పడుతుంది కదండీ."

"పట్టనీ. మాయ పడకముందు పితికితే ఆవుకి చేటు. మా నాన్న దగ్గర్నుంచీ ఇదే పద్ధతి."

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. "ఆవుకేం చేటు లేదండీ. పితికితే మాయ ఇంకా తొందరగా పడుతుంది. దూడ పుట్టినప్పుడు దాని ఒంట్లో జబ్బుతో పోట్లాడే బలం ఏమీ ఉండదు. అదంతా తల్లి మొదటి పాలల్లో ఉంటుంది. దాన్ని పీల్చుకోవడానికి దూడ పేగులు పుట్టిన కాసేపే తెరుచుకుని ఉంటాయి. గంట గంటకీ మూసుకుపోతూ ఉంటాయి. మీరు మాయ కోసం కూర్చుంటే అక్కడ తలుపులు పడిపోతున్నాయి. ముర్రుపాలు పట్టినంత మాత్రాన ఈ పురుగు అంటదని నేను చెప్పను. అంటినా తట్టుకుంటుంది."

మామగారు మర్యాదగా విన్నారు. మర్యాదగానే, "చూద్దాంలేమ్మా," అన్నారు. ఆయన చూద్దామన్నారంటే ఆ సంగతి అక్కడితో సరి.

డాక్టరమ్మ వెళ్లబోతూ కిటికీలోంచి మంచం మీది పిల్లని చూసింది. "పాపకేమైంది?"

చిన్నకోడలు చెప్పింది. డాక్టరమ్మ స్కూటరు తాళం మళ్లీ జేబులో వేసుకుంది.

"దూడల దగ్గరికి వెళ్తుందా?"

"వేళ్లు నోట్లో పెట్టి చీకిస్తుంది. దానికదో సరదా."

"ఇది మనుషులకీ అంటుతుంది. ఆస్పత్రిలో డాక్టరుకి ఈ మాట తప్పకుండా చెప్పండి. భయపడకండి, నీళ్లు తాగిస్తూ ఉంటే పిల్లలు తేరుకుంటారు. మీరు కూడా పని బట్టలతో పిల్లని ఎత్తుకోకండి. దూడల సీసాలు ఎక్కడ కడుగుతున్నారు?"

చిన్నకోడలు వంటింటి వైపు చూసింది. సీసాలు వంటింటి తొట్టిలోనే కడుగుతోంది. అదే పీచుతో పిచ్చుక గ్లాసు తోముతోంది. దూడల గదిలోంచి రాగానే పిల్ల ఎదురొచ్చి మోకాళ్లు చుట్టేస్తే, అదే పని బట్టలతో ఎత్తుకుంటోంది. చచ్చిపోయే దూడ దగ్గర్నుంచి బతికున్న దూడ దగ్గరికి, అక్కణ్ణించి కన్నకూతురి దగ్గరికి నడిచింది ఎవరో కాదు, తనే.

డాక్టరమ్మ వెళ్లిపోయాక కుళాయి కింద చేతులు పెట్టి చాలాసేపు తోముకుంది. ఎంత తోముకున్నా శుభ్రమైనట్టు అనిపించలేదు.

*

ఆ రోజే మధ్యాహ్నం, మామగారూ చిన్నకోడలి భర్తా గడ్డి లోడు కోసం వెళ్లినప్పుడు దొరసాని ఈనడం మొదలుపెట్టింది.

దొరసాని మందలో అన్నిటికన్నా ఎక్కువ పాలిచ్చే ఆవు. ఆ పొగరూ దానికి ఉంది. నచ్చని మనిషి పక్కకి వస్తే బకెట్ తన్నేస్తుంది. ఈనడానికి ఇంకా టైముందని మామగారు అన్నారు. దానికి ఆయన లెక్కతో పని లేదు. చిన్నకోడలు వెళ్లేసరికి ఉమ్మనీరు పోయి, ముందుకాళ్ల గిట్టలు కనపడుతున్నాయి. ఆమె వేరే ఏమీ చెయ్యకుండానే, ఆవు నాలుగుసార్లు మూలిగి దూడని గడ్డి మీదికి జారవిడిచింది. పెయ్యదూడ. నల్లగా, తడిగా, ఆవిర్లు కక్కుతూ ఉంది. దొరసాని లేచి నాకడం మొదలుపెట్టింది. మాయ వెనక వేలాడుతూనే ఉంది.

చిన్నకోడలు రెండడుగుల దూరంలో చేతులు దగ్గరికి ముడుచుకుని నిలబడిపోయింది. ఇప్పుడే పిచ్చుక గుడ్డలు ఉతికి వచ్చింది. పొద్దున జబ్బు గది కడిగింది. ఆ చేతుల్ని ఆ నల్ల దూడ నోటి దగ్గరికి తీసుకెళ్లాలంటే ఒళ్లు జలదరించింది. తీసుకెళ్లకపోతే దాని పేగుల్లో తలుపులు పడిపోతాయి. మామగారు వచ్చేదాకా ఆగొచ్చు. ఆయన వస్తే మాయ పడేదాకా ఆగమంటారు.

పరుగెత్తి పెద్దకోడలి గదిలోకి వెళ్లింది. ఆమె మంచం మీద బట్టలు మడతపెడుతోంది. సంచీ సగం నిండింది.

"అక్కా, దొరసాని ఈనింది. నువ్వు రావాలి."

పెద్దకోడలు తల ఎత్తలేదు. "మామయ్యగారు వస్తారుగా."

"ఆయన వచ్చేదాకా ఆగకూడదు. ముర్రుపాలు ఇప్పుడే పట్టాలి. డాక్టరమ్మ చెప్పింది నువ్వు వినలేదు..."

"విన్నాను, కిటికీలోంచి. నువ్వే పట్టు."

"నా చేతులు జబ్బు చేతులక్కా. పొద్దున్నించీ పారుడులోనే ఉన్నాయి. నిన్ను ఆ గదిలోకి రానివ్వలేదు, పిల్లని ముట్టుకోనివ్వలేదు. ఈ ఇంట్లో శుభ్రమైన చేతులు నీవొక్కదానివే."

పెద్దకోడలు అప్పుడు చూసింది. కళ్లలో ఉన్నదేమిటో చిన్నకోడలికి వెంటనే అర్థమైంది. తనలో ఉన్న భయమే. కాకపోతే తన దగ్గరికి నిన్ననే వచ్చింది. ఈమెలో ఎప్పట్నుంచో కాపురం ఉంటోంది.

"నేను ముట్టుకోను," అంది పెద్దకోడలు. "ముట్టుకున్నాక అది చస్తే? నా చెయ్యి మంచిది కాదని మీరందరూ అనేది అబద్ధమని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. నిన్న పిల్ల జుట్టు దువ్వుతూ ఉండగానే దానికలా అయింది. నువ్వు నా చెయ్యి తోసేస్తే ఏమనుకున్నానో తెలుసా? మంచి పని చేసింది, అనుకున్నాను."

చిన్నకోడలు గుమ్మానికి ఆనుకుంది.

"నిన్న మామయ్యగారు నువ్వొచ్చావా అని అడిగారు. వచ్చావన్నాను. అప్పటికే దూడ లేవలేకుండా ఉందని చెప్పలేదు. నన్నంటారేమోనని భయమేసింది, నీ మీదికి తోశాను. పిల్లకి అంటించింది కూడా నేనే. నీ చేతుల్లో ఏమీ లేదక్కా. ఉంటే నా చేతుల్లో ఉంది."

పెద్దకోడలు సంచీ వైపు చూసింది. చేతిలోని మడత బట్టని దాని మీద పెట్టింది. కొట్టంలో దొరసాని దూడని పలకరిస్తూ గొంతులో గుర్రుమనడం ఇక్కడిదాకా వినిపిస్తోంది.

"నీళ్లు మరిగించు," అంది.

*

ఆ తర్వాత పెద్దకోడలు మాట్లాడలేదు, చేసుకుంటూ పోయింది. సీసా, పీక, బకెట్ మరిగే నీళ్లలో ముంచి తీసింది. మోచేతుల దాకా సబ్బు రాసుకుని, గోళ్ల సందుల్లో తోముకుంది. చిన్నకోడల్ని ముట్టుకోనివ్వకుండా, దూడని ఉతికిన గోనెపట్టాలో తనే చుట్టి, వంటింటి పక్క వసారాలోకి మోసుకొచ్చింది. అక్కడ ఎండ పడుతుంది, గచ్చు పొడిగా ఉంటుంది. ఎప్పుడూ ఏ దూడా అడుగు పెట్టలేదు.

దొరసాని పొదుగు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఒక్కొక్క చన్నూ తుడిచింది. అందరినీ తన్నే ఆవు, వెనక్కి తిరిగి ఆమెని వాసన చూసి ఊరుకుంది. మొదటి ధార బకెట్లో పడితే చప్పుడే కాలేదు. పాలు అంత చిక్కగా, వెన్నలా పచ్చగా ఉన్నాయి. మాయ ఇంకా వేలాడుతూనే ఉంది. చిన్నకోడలు దాన్నీ రోడ్డునీ మార్చి మార్చి చూస్తోంది.

"మా బిడ్డ పోయాక నాకు పాలు ఆగలేదు," అంది పెద్దకోడలు పొదుగు వైపే చూస్తూ. "బిడ్డ లేదని వాటికేం తెలుసు? తెల్లారగట్ల దూడల గదిలోకి వెళ్లి తూములోకి పిండేసుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు."

చిన్నకోడలు బకెట్ ముట్టుకోకుండా, ఆవు కదలకుండా పలుపు పట్టుకుని నిలబడింది.

వసారాలో దూడ తల నిలుపుకోలేకపోతోంది. పీక పెడితే నాలికతో బయటికి నెట్టేసింది. ఇంకోసారి నెట్టేసింది. పెద్దకోడలు సీసా వెనక్కి తీసేసుకుంది.

"చూశావా? వద్దంటోంది," అంది పెద్దకోడలు.

"వేలు పెట్టక్కా. ముందు వేలు."

"నేనొద్దు..."

"పెట్టు."

పెద్దకోడలు కళ్లు మూసుకుని రెండు వేళ్లు దూడ నోట్లో పెట్టింది. దూడ కదల్లేదు. ఆమె వేళ్లతో అంగిలిని మెల్లగా రాసింది. గరుకైన చిన్న నాలిక వేళ్ల చుట్టూ చుట్టుకుంది. ఒకసారి లాగింది. మళ్లీ, ఈసారి బలంగా లాగింది.

"అమ్మో," అంది పెద్దకోడలు, కళ్లు తెరిచి.

వేళ్ల మధ్యనుంచి పీక జార్చింది. దూడ తోక ఆడటం మొదలైంది. సీసా ఖాళీ అయ్యేదాకా ఆ తోక ఆగలేదు.

గడ్డి లోడు వచ్చేసరికి దూడ నిండు కడుపుతో నిద్రపోతోంది. మామగారు కొట్టంలోకి వెళ్లారు, ఆవు వెనక భాగం చూశారు, బకెట్ చూశారు, వసారా దగ్గరికి వచ్చారు.

"మాయ పడలేదే. ఎవరు పితికారు?"

గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. పెద్దకోడలు అప్పుడే చేతులు వెనక్కి పెట్టుకోవడం చిన్నకోడలు ఓరకంట చూసింది.

"అక్క పితికింది. పితకమన్నది నేను," అంది. తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది. "నిన్న పోయిన దూడ అక్క రాకముందే పడిపోయింది మామయ్యగారూ. మీకు నేను సగమే చెప్పాను. ఇంకోటి కూడా, ఈ దూడ నిలబడేదాకా అక్క ఎక్కడికీ వెళ్లదు. ముట్టుకునే మనిషి తనొక్కతే ఉంది."

ఆమె భర్త గడ్డిమోపు భుజం మీద పెట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. మామగారు ఇద్దరు కోడళ్లనీ చూసి, దూడని చూసి, కొట్టంలోకి వెళ్లి ఆవు పక్కన కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళకి మాయ పడింది. ఆ మాట చెప్పడానికి ఆయన లోపలికి రాలేదు. దాన్ని తీసుకెళ్లి పాతిపెట్టడం చిన్నకోడలు కిటికీలోంచి చూసింది. పాల వ్యాను ఖాళీగా తిరిగి వెళ్లింది. వెళ్లేటప్పుడు పెద్దకొడుకు ఉత్తపుణ్యానికి రెండుసార్లు హారన్ కొట్టాడు.

*

పిచ్చుకకి తగ్గుముఖం పట్టింది. అన్నం అడిగింది, పెట్టింది తినకుండా పారేసింది, చీవాట్లు తింది. చిన్నకోడలికి ప్రాణం లేచొచ్చింది. కానీ దూడ సంగతి వేరు. పోయిన దూడలన్నీ మొదట్లో బాగానే ఉన్నాయి. అన్నీ వారం తిరక్కముందే పడిపోయాయి. పెద్దకోడలు వసారాలోనే చాప వేసుకుని పడుకుంటోంది. నిద్రపోతోందని చెప్పలేం.

ఒక పొద్దున ఆమె వచ్చి, "పారుతోంది," అని మాత్రం అంది.

చిన్నకోడలు వెళ్లి చూసింది. అదే పసుపు, అదే పల్చదనం. వసారాలోకి కూడా వచ్చేసింది. ఈగ తెచ్చిందో, గాలి తెచ్చిందో, తన చెప్పులే తెచ్చాయో. పెద్దకోడలి మొహంలో రక్తం లేదు, అయినా చేతులు మాత్రం వెనక్కి పోలేదు. ఉప్పూ చక్కెరా కలిపిన గోరువెచ్చటి నీళ్లు సీసాలో పోస్తోంది. పాలకీ పాలకీ మధ్య నీళ్లు పట్టింది. తడిసిన గడ్డి తీసి పొడిగడ్డి వేసింది. మళ్లీ తడిస్తే మళ్లీ మార్చింది. చిన్నకోడలు మరిగిన నీళ్లు గుమ్మం దాకా మోసి, అక్కడే పెట్టి వెళ్లింది. రోజంతా ఇద్దరూ ఒకే ప్రశ్న ఒకరినొకరు అడుక్కున్నారు.

"లేచిందా?"

"లేచింది."

కాసేపాగి మళ్లీ. "లేచిందా?"

దూడ బక్కచిక్కింది. కళ్లు కొంచెం గుంటలు పడ్డాయి. సీసా చప్పుడైతే మాత్రం ముందుకాళ్లు మడిచి, వెనక్కి ఊగి, ప్రతిసారీ లేచింది. ఒకరోజు లేచి, పెద్దకోడల్ని తలతో కుమ్మింది. ఆమె సీసాతో సహా వెనక్కి పడింది. పడి, అక్కడే కూర్చుని, నవ్వాలో ఏడవాలో తెలియక మోచేత్తో మొహం తుడుచుకుంది. ఆ సాయంత్రానికి పేడ గట్టిపడింది.

మర్నాడు మామగారు వసారా మెట్టు దగ్గరికి వచ్చారు. ఇన్నాళ్లూ దూరం నుంచే చూసి వెళ్లిపోతున్నారు. లోపల పెద్దకోడలు దూడకి పాలు పడుతోంది. గుమ్మం దగ్గర నీళ్ల బిందె దించుతున్న చిన్నకోడలు, ఆయన కాలు మెట్టు మీద పెట్టడం చూసి ఉలిక్కిపడింది.

"మామయ్యగారూ, చెప్పులు అక్కడే విడవండి," అంది పెద్దకోడలు, తల తిప్పకుండా. "కొట్టంలోంచి వస్తున్నారు. చేతులు కడుక్కోండి. సబ్బుతో."

ఆ ఇంట్లో ఆయనకి అలా చెప్పినవాళ్లు లేరు. చిన్నకోడలు బిందె పట్టుకున్న చోటే ఉండిపోయింది. మామగారు తన రెండు చేతులూ తిరగేసి చూసుకున్నారు. ముసలి చేతులు, గీతల నిండా పేడ. ఎన్ని దూడల నుదుళ్లు నిమిరాయో. వెనక్కి తిరిగి కుళాయి దగ్గరికి వెళ్లారు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది.

తిరిగొచ్చి, తడి చేతులు ఒంటికి తగలకుండా ముందుకి చాపి పట్టుకుని, మెట్టు కిందే ఆగారు.

"ఇప్పుడు రావచ్చా అమ్మా?" అని అడిగారు.

దూడ ఇంకా తాగుతోంది. సీసా అడుగున మిగిలిన పాలు అయిపోయేదాకా, పెద్దకోడలు ఆయన్ని అక్కడే నిలబడనిచ్చింది.